మనసుకు ప్రథమ చికిత్స: అందరూ నేర్చుకోదగిన విద్య

పొలంలో మనిషిని పాము కరిస్తే ఏం చెయ్యాలో మా వూళ్ళో పదేళ్ళ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. కరిచిన కాలు కదపనివ్వకూడదు, గాటు పెట్టకూడదు, నోటితో రక్తం పీల్చకూడదు, తక్షణం ఆసుపత్రికి చేర్చాలి. మోటారు దగ్గర ఎవరికైనా షాక్ కొడితే మనిషిని పట్టుకు లాగకుండా ముందు కరెంటు ఆపాలనీ, చెయ్యి కాలితే చల్లని నీళ్ళు పొయ్యాలనీ కూడా చెబుతాడు. ఇవేవీ డాక్టరు చదువు చదివితే వచ్చినవి కావు. ఎవరో నేర్పారు, మనం నేర్చుకున్నాం.

అదే మనిషి నెలరోజులుగా సరిగ్గా అన్నం తినక, రాత్రిళ్ళు నిద్రపోక, ఎవరితోనూ మాట్లాడక గోడవైపు తిరిగి పడుకుంటున్నాడనుకోండి. అప్పుడేం చెయ్యాలి? పదేళ్ళ పిల్లవాడి సంగతి అలా వుంచి, యూనివర్శిటీలో విజ్ఞానశాస్త్రం చదువుకుంటున్న మనలో ఎంతమంది దగ్గర దీనికి జవాబు వుంది? "ధైర్యంగా వుండు" అంటాం. అంతకు మించి మనకు తెలియదు.

ఆ తెలియని భాగాన్ని నేర్పే పద్ధతి ఒకటి వున్నదనీ, అది మామూలు మనుషులు కొద్ది గంటల్లో నేర్చుకోగలిగినదనీ చెప్పడమే ఈ వ్యాసం వుద్దేశం. దీన్నే మానసిక ప్రథమ చికిత్స అంటున్నారు.

పేర్లు అనేకం, ఉపాయం శూన్యం

మన భాషలో మనోవ్యథకు పేర్లకు కొదవ లేదు. దిగులు, బెంగ, మనాది, పరధ్యానం, మతిచలనం, గాలి సోకడం — ఒక్కొక్కటి ఒక్కొక్క తీరును చెబుతుంది. "వాడికి మనాది పట్టుకుందిరా" అని మా నాయనమ్మ అన్నదంటే ఆ మనిషి లోలోపల కృశించిపోతున్నాడని అర్థం. అంటే మన పెద్దవాళ్ళకు గుర్తుపట్టడం రాక కాదు. గుర్తుపట్టిన తరువాత వేయవలసిన అడుగు ఏమిటో తెలియక. తెలియనప్పుడు మిగిలేవి రెండే దారులు. ఒకటి తాయెత్తు, భూతవైద్యం. రెండోది "పెళ్ళి చేస్తే అదే కుదురుకుంటుంది" అనే సలహా. మొదటిదానివల్ల కాలం వృథా. రెండోదానివల్ల ఇంకో మనిషి జీవితం కూడా వృథా.

మాది పల్నాడు వైపు మెట్ట వ్యవసాయం. పత్తి, మిరప పండిస్తాం. నేను ఇంటర్మీడియెట్ చదువుకోవడానికి పట్నంలో హాస్టల్లో వున్న రోజుల్లో మా వీధి కౌలు రైతు ఒకాయన పురుగుమందు తాగి చనిపోయాడు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అందరూ తలా ఒక మాట చెప్పారు. నెల రోజులుగా చేలోకి పోవడం లేదని పక్క చేను ఆయన అన్నాడు. టీ కొట్టు దగ్గర కూర్చున్నా మాట కలపడం లేదని ఇంకొకాయన అన్నాడు. "ఇహ నాతో ఏం పనిలే" అన్నాడని ఎరువుల కొట్టు గుమాస్తా అన్నాడు. తనకెంతో ఇష్టమైన పాడిగేదెను కారణం లేకుండా తమ్ముడికి తోలేశాడని వాళ్ళ ఇంట్లోవాళ్ళు అన్నారు. పది మంది దగ్గర పది ముక్కలు వున్నాయి. నాలుగు ముక్కలు ఒకచోట పెడితే విషయం అర్థమైపోయేది. కాని ఆ ముక్కల పేరు 'ప్రమాద సూచనలు' అని వాళ్ళకు ఎవ్వరూ చెప్పలేదు. అడగవలసిన ప్రశ్న ఏమిటో ఎవ్వరూ నేర్పలేదు. అందుచేత ఆ పది మందిలో ఏ ఒక్కర్నీ తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. పైరు మీద ఆకుముడత కనిపిస్తే ఏ మందు కొట్టాలో చెప్పడానికి మా వూరికి మనుషులు వస్తారు. మనిషి వాడిపోతుంటే ఏం చెయ్యాలో చెప్పడానికి ఎవ్వరూ రాలేదు.

డాక్టర్లు చాలరు

"దీనికి డాక్టర్లు వున్నారు గదా, మనమెందుకు?" అని కొందరు అడగవచ్చు. లెక్కలు చూద్దాం. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ పన్నెండులో లేవు గాని, దేశం పరిస్థితి తెలుసుకోవడానికి అది పనికివస్తుంది. పెద్దవాళ్ళలో 100కు 10 మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో వున్నారని ఆ సర్వే తేల్చింది. వ్యాధి రకాన్నిబట్టి వీరిలో 100కు 70 నుంచి 92 మంది దాకా వైద్యం అందనివాళ్ళే. లక్ష జనాభాకు ఒక మానసిక వైద్యుడు కూడా లేని దేశం మనది. ఆ వున్న కొద్దిమందీ పట్నాల్లోనే వున్నారు.

జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో విద్యార్థులు 13,044 మంది. రైతులూ వ్యవసాయ కూలీలూ కలిసి 11,290 మంది. రైతు బిడ్డగా ఒక అంకె, విద్యార్థిగా రెండో అంకె, రెండూ నావే అనిపిస్తాయి నాకు. మనలో చాలామందికి అలాగే అనిపించాలి.

జ్వరం వస్తే మనిషి తనంతట తనే ఆసుపత్రికి పోతాడు. మనసు జబ్బు ఆ పోవాలన్న ఇచ్ఛనే ముందు తినేస్తుంది. పైగా నలుగురిలో నామోషీ. కాబట్టి రోగికీ డాక్టరుకీ నడుమ ఒక మనిషి కావాలి. ఆ మనిషి పక్క గదిలోనో, పక్క చేనులోనో, పక్క బెంచీలోనో వుండాలి.

క్యాన్‌బెరాలో మొదలైన పాఠం

1877లో ఇంగ్లండులో సెంట్ జాన్ ఆంబులెన్స్ సంఘం వారు మామూలు పౌరులకు ప్రథమ చికిత్స నేర్పడం మొదలుపెట్టారు. కట్టు కట్టడం డాక్టర్ల సొత్తు కాదనీ, రైల్వే కార్మికుడూ, పోలీసు జవానూ కూడా నేర్చుకోవచ్చుననీ అప్పటినుంచి లోకానికి తెలిసివచ్చింది. అదే సూత్రం మనసుకు వర్తింపజేయడానికి మరో నూటపాతికేళ్ళు పట్టింది.

ఆస్ట్రేలియాలో ఆంటొనీ జోర్మ్ అనే శాస్త్రజ్ఞుడు 1997లో ఒక సర్వే ఫలితాలు ప్రచురించాడు. ఒక కల్పిత వ్యక్తి లక్షణాలు వర్ణించి, ఇతనికి ఏమయిందని జనాన్ని అడిగారు. తీవ్రమైన దిగులు జబ్బును, అంటే డిప్రెషన్‌ను, గుర్తుపట్టినవారు 100కు 39 మంది. స్కిజోఫ్రేనియాను గుర్తుపట్టినవారు 27 మంది. చదువూ సంపదా వున్న దేశంలోనే పరిస్థితి అదీ. అక్షరాస్యత మాదిరిగానే 'మానసిక ఆరోగ్య అక్షరాస్యత' కూడా ప్రజలకు కావాలని ఆయన వాదించాడు.

ఆయన భార్య బెట్టీ కిచెనర్ నర్సుగా, అధ్యాపకురాలిగా పనిచేసింది. డిప్రెషన్ బాధ ఏమిటో ఆమెకు స్వయంగా అనుభవం. ఇద్దరూ కలిసి 2000లో క్యాన్‌బెరా నగరంలో సామాన్య ప్రజలకు మానసిక ప్రథమ చికిత్స తరగతి ప్రారంభించారు. మొదట 9 గంటల పాఠం, తరువాత 12 గంటలయింది. ఆ పాఠం ఈ పాతికేళ్ళలో అనేక దేశాలకు పాకింది.

ఇంతకూ అందులో ఏం నేర్పుతారు? స్థూలంగా అయిదు మెట్లు. వాటిని మన మాటల్లో, మన పరిసరాల్లో పెట్టి చెబుతాను.

మొదటి మెట్టు: దగ్గరికి వెళ్ళడం, ప్రమాదం వుందేమో చూడడం

గమనించిన మార్పును మెల్లగా ప్రస్తావించాలి. నలుగురి ముందు కాదు, ఏకాంతంగా. "ఏరా, పది రోజులుగా మెస్సుకు సరిగ్గా రావడం లేదు, రాత్రిళ్ళు నీ గదిలో లైటు ఆరడం లేదు. ఒంట్లో బాగాలేదా, మనసు బాగాలేదా?" అంటే చాలు. వూళ్ళోనైతే, "బాబాయ్, ఈమధ్య చేలోకి రావడం లేదేం? రా, కాసేపు గట్టుమీద కూర్చుందాం" అనవచ్చు. ఒకసారి "ఏం లేదులే" అంటే వదిలిపెట్టకుండా, విసిగించకుండా, రెండు రోజులాగి మళ్ళీ అడగాలి.

ఇక అందరూ జంకే ప్రశ్న ఒకటుంది. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగవచ్చునా? అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని మనవాళ్ళ భయం. ఈ భయం నిజమా కాదా అని పరీక్షించి చూశారు. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్ళలో 2,342 మంది విద్యార్థులను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి ఆత్మహత్య ఆలోచనల గురించిన ప్రశ్నలు ఇచ్చారు, రెండో భాగానికి ఇవ్వలేదు. 2005లో ప్రచురించిన ఫలితం ఏమిటంటే, ప్రశ్నలు అడిగించుకున్నవాళ్ళలో ఆందోళన గాని, ఆ ఆలోచనలు గాని ఎక్కువ కాలేదు. పైపెచ్చు అప్పటికే దిగులుతో వున్నవాళ్ళకు కొంత తేలిక అనిపించినట్టు కనిపించింది. కాబట్టి అడగవచ్చు, అడగాలి. వెటకారంగా కాదు, తీర్పు చెబుతున్నట్టు కాదు, జ్వరం వుందా అని నుదురు తాకి చూసినట్టు అడగాలి.

అవునని జవాబు వస్తే చెయ్యవలసినవి మూడు. ఒంటరిగా వదలకూడదు. ప్రాణహాని చేసే వస్తువులు అందకుండా తీసెయ్యాలి. వెంటనే పెద్దవాళ్ళకో, వైద్యులకో చేరవెయ్యాలి. "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అంటే ఒట్టు వెయ్యకూడదు. "నీ ప్రాణం కంటే ఒట్టు పెద్దది కాదు, ఇద్దరం కలిసే చెబుదాం" అనాలి.

రెండవ మెట్టు: తీర్పు చెప్పకుండా వినడం

ఇది చెప్పినంత సులువు కాదు. మనకు వినడం కంటే సలహా చెప్పడం ఎక్కువ అలవాటు. "ఇంత చిన్నదానికేనా?", "నీకేం తక్కువరా?", "మగాడివై వుండి ఏడుపేమిటి?", "మీ అమ్మా నాన్నా ఎంత కష్టపడుతున్నారో తెలుసా?" — ఇవన్నీ ప్రేమతోనే అంటాం. ఎదుటివాడికి మాత్రం నోరు మూసుకోమన్నట్టు వినిపిస్తాయి. కథ చెప్పేవాడికి ఊఁ కొట్టేవాడు ఎంత ముఖ్యమో ఇక్కడా అంతే. మధ్యలో అడ్డుపడకుండా, సెల్‌ఫోను చూసుకోకుండా, "అయితే నీకు ఇలా అనిపిస్తోందన్నమాట" అని అతని మాటే అతనికి తిరిగి అందిస్తే చాలు.

ఎవరికీ వినపడని మాటలు తనకు వినపడుతున్నాయనో, అందరూ తనమీద కుట్ర చేస్తున్నారనో చెప్పే మనిషి విషయంలో ఇంకొక జాగ్రత్త వుంది. అది అబద్ధమని వాదించకూడదు, నిజమేనని తల ఊపకూడదు. "నాకు వినపడడం లేదు గాని, నీకు అలా వినపడుతుంటే ఎంత భయంగా వుంటుందో" అనాలి. నవ్వడం, కట్టెయ్యడం బొత్తిగా పనికిరావు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టివున్న మానసిక రోగులు తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. గొలుసు వైద్యం కాదని చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

మూడు, నాలుగు, అయిదు మెట్లు

మూడవది భరోసా, సమాచారం ఇవ్వడం. ఇది బలహీనత కాదు, ఎవరి తప్పూ కాదు, మధుమేహంలాగా ఇదీ ఒక ఆరోగ్య సమస్య, చికిత్స వున్నదని చెప్పడం. తప్పుడు ఆశలు పెట్టకూడదు. "రేపటికల్లా తగ్గిపోతుంది" అనడం కంటే "సమయం పడుతుంది, నేను తోడుంటాను" అనడం నిజం.

నాలుగవది తగిన వైద్యానికి దారి చూపడం. ఇందులో మాట సాయం కంటే కాలు సాయం ఎక్కువ అవసరం. చీటీ రాసిచ్చి పొమ్మంటే పోడు. వెంట వెళ్ళి ఓ.పీ. చీటీ తీసుకుని వరసలో నిలబడే మనిషి కావాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్ ఫోను నంబరు 14416. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. బాధపడేవాళ్ళే కాదు, వాళ్ళకు ఎలా సాయపడాలో తెలియని స్నేహితులు కూడా ఫోను చెయ్యవచ్చు. ప్రాణాపాయం ఎదురుగా వుంటే 108 పిలవాలి.

అయిదవది ఇతర ఆసరాలు కూడగట్టడం. ఇంటివాళ్ళు, స్నేహితులు, ఆటలు, నిద్ర, తిండి, గుడికో చర్చికో మసీదుకో వెళ్ళే అలవాటుంటే అదీ. మందులు వాడుతూ గుడికి వెళితే అభ్యంతరం ఎవరికి? మందులు మానిపించి తీసుకెళ్ళడమే ప్రమాదం.

మందు డబ్బాకు తాళం

ప్రాణహాని చేసే వస్తువులు అందకుండా చెయ్యాలన్నాను. రైతు కుటుంబాలకు ఇది అన్నిటికంటే ముఖ్యం కాబట్టి కొంచెం వివరిస్తాను. మా వైపు 'మందు' అనే ఒక్క మాటకు నాలుగు అర్థాలు. జ్వరానికి వేసుకునేది మందు, చేనుకు కొట్టేది మందు, చల్లేది మందు, సాయంత్రం తాగేదీ మందే. వీటిలో చేనుకు కొట్టేది చాలా ఇళ్ళల్లో మంచం కిందో, వసారాలోనో, పిల్లలకు కూడా అందేటట్టు వుంటుంది.

చావాలన్న తీవ్రమైన తలపు చాలామందిలో కొద్ది గంటల్లో, ఒక్కొక్కసారి నిమిషాల్లో, సన్నగిల్లుతుంది. ఆ గడియలో చేతికి విషం అందకపోతే మనిషి దక్కుతాడు. శ్రీలంక అనుభవం ఇదే. 1995లో అక్కడ లక్షకు సుమారు 47 మంది ఆత్మహత్య చేసుకునేవారు. ఆ ఏడాదినుంచి అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటే నిషేధిస్తూ పోగా, పదేళ్ళలో ఆ సంఖ్య సగానికి పడిపోయింది. తమిళనాడులో కాట్టుమన్నార్‌కోయిల్ ప్రాంతంలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ బృందం ఇంకో పద్ధతి ప్రయత్నించి చూసింది. వూరుమ్మడిగా ఒకచోట అరలు కట్టి, పురుగుమందులు అందులో పెట్టించి, తాళాలు ఏర్పాటు చేశారు. రైతులు దానికి ఒప్పుకుని వాడుకున్నారని 2013లో ప్రచురించారు. మందు డబ్బాకు తాళం వెయ్యడం నేర్పడానికి ఏ డిగ్రీ కావాలి?

ప్రథమ చికిత్స దాటి

ఇంతవరకూ చెప్పినది గుర్తుపట్టి దారి చూపే పని. దీన్ని దాటి, మామూలు మనుషులకే మరికొంత శిక్షణ ఇచ్చి చికిత్సలో భాగస్వాములను చేసిన వుదాహరణలూ వున్నాయి.

ఆఫ్రికాలో జింబాబ్వే దేశంలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు వున్నాడు. ఆయన వైద్యంలో వున్న ఒక యువతి బస్సు చార్జీకి డబ్బులేక ఆసుపత్రికి రాలేకపోయింది, ప్రాణం తీసుకుంది. రోగి డాక్టరు దగ్గరకు రాలేకపోతే సాయమే రోగి దగ్గరకు పోవాలని ఆయన నిశ్చయించుకున్నాడు. 2006లో హరారే నగరంలోని ఎంబారే పేటలో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చాడు. క్లినిక్ ఆవరణలో ఒక చెక్క బల్ల, దానిమీద ఒక అవ్వ, పక్కన బాధ చెప్పుకునే మనిషి. 'స్నేహపు బల్ల' అని దానికి పేరు. అక్కడి షోనా భాషలో దిగులు జబ్బును 'కుఫుంగిసిసా' అంటారు. అతిగా ఆలోచించడం అని అర్థం. మా వూళ్ళో "ఆలోచన ఎక్కువై మనిషి ఇట్లా అయ్యాడు" అంటారే, అచ్చం అదే. అవ్వ ముందు మొత్తం కష్టాలు చెప్పమంటుంది, తరువాత వాటిలో ఒక్కటి ఎంచుకోమంటుంది, దానికి రేపు వెయ్యగల చిన్న అడుగు ఏమిటో ఆ మనిషి చేతనే చెప్పిస్తుంది. 24 క్లినిక్కుల్లో 573 మందిమీద జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. ఆరు నెలల తరువాత మామూలు వైద్యం పొందినవారిలో సుమారు సగం మందికి దిగులు లక్షణాలు మిగిలివుండగా, బల్లమీద కూర్చున్నవారిలో 100కు 14 మందికే మిగిలాయి.

మన దేశంలో గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్, ఆయన సహచరులు 1996లో స్థాపించిన 'సంగత్' సంస్థ ఇలాంటి పనే చేసింది. మానసిక వైద్యంలో ఏ పట్టా లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో కౌన్సిలర్లుగా పెట్టారు. వీరి సాయంతో తీవ్రమైన డిప్రెషన్ వున్నవారిలో 100కు 64 మంది మూడు నెలల్లో కోలుకున్నారనీ, ఆ సాయం లేనివారిలో 39 మందే కోలుకున్నారనీ 2017లో ప్రచురించారు.

మన తెలుగునేల మీదా ప్రయత్నం జరిగింది. పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 'స్మార్ట్ మెంటల్ హెల్త్' పేరుతో 42 గ్రామాల్లో పని చేసింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి కొన్ని ప్రశ్నలు అడిగేవారు, అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరకు పంపేవారు, తరువాత మళ్ళీ వెళ్ళి కనుక్కునేవారు. దానితోబాటు వూళ్ళల్లో నాటకం వేసి, మానసిక రోగులపట్ల చిన్నచూపు తగ్గించే ప్రచారం చేశారు. ఉపన్యాసం వినని మనిషి నాటకం చూస్తాడన్నది మన పల్లెల్లో ఎవరైనా ఒప్పుకునే సత్యం.

ఎంతవరకు రుజువైంది?

శాస్త్ర విద్యార్థులం కాబట్టి ఈ ప్రశ్న వేసుకోక తప్పదు. క్యాన్‌బెరాలో మొదలైన ప్రథమ చికిత్స శిక్షణవల్ల, శిక్షణ పొందినవారిలో జ్ఞానం పెరిగిందనీ, చిన్నచూపు తగ్గిందనీ, సాయం చెయ్యగలమన్న నమ్మకం కలిగిందనీ అనేక పరిశోధనలు చూపించాయి. అయితే వాళ్ళ సాయం పొందినవారి ఆరోగ్యం ఎంత మెరుగైందన్న విషయంలో తగినంత సాక్ష్యం ఇంకా పోగుపడలేదని 2023లో వచ్చిన కోక్రేన్ సమీక్ష తేల్చింది. హరారే, గోవాల్లో మాత్రం నేరుగా రోగుల మీదే ఫలితం కొలిచి చూపించారు. అక్కడ శిక్షణ ఒక్క పూటతో ముగిసిపోలేదు. శిక్షణ పొందినవారి వెనక పర్యవేక్షణ వుంది, క్లినిక్ వుంది.

దీన్నిబట్టి మనం గ్రహించవలసింది ఒకటే. ఒకరోజు సదస్సు పెట్టి, సర్టిఫికెట్లు పంచి, ఫోటో దిగితే సరిపోదు. శిక్షణ పొందిన మనిషి వెనక పంపించడానికి ఒక చోటు, అడగడానికి ఒక పెద్ద దిక్కు వుండాలి. కాలువ తవ్వినంత మాత్రాన చాలదు, చివర చెరువు వుండాలి గదా.

శిక్షణ పొందినవారికి కూడా హద్దులు వుంటాయి. రోగం పేరు నిర్ణయించడం మన పని కాదు. మందులు చెప్పడం, మానిపించడం అసలే కాదు. ఒక స్నేహితుడి బరువంతా ఒక్కడే మొయ్యబోతే ఇద్దరూ కూలిపోతారు. కాబట్టి పంచుకోవాలి. మనం చెయ్యగలిగిందంతా చేసినా ఒక్కొక్కసారి మనిషి దక్కకపోవచ్చు. ఆ నింద మోసే పని ప్రథమ చికిత్స చేసినవాడిది కాదని కూడా ఈ శిక్షణలోనే చెప్పాలి.

చట్టం ఏమంటోంది?

పూర్వం ఆత్మహత్యాయత్నం నేరం. బతికి బయటపడ్డవాడు పోలీసు కేసుకు జడిసేవాడు, ఇంటివాళ్ళు నిజం దాచేవాళ్ళు. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ దృష్టిని మార్చింది. అటువంటి వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో వున్నట్టు భావించాలనీ, శిక్ష కాదు, సంరక్షణ ఇవ్వాలనీ 115వ సెక్షన్ చెబుతోంది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్‌కు చోటే ఇవ్వలేదు.

మనకు ఇంకా దగ్గరి విషయం ఒకటుంది. విశాఖపట్నంలో పోటీ పరీక్షకు చదువుకుంటున్న 17 ఏళ్ళ విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు చెబుతూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న సంస్థలో అర్హుడైన కౌన్సిలరు వుండాలి. బోధన సిబ్బందికీ, బోధనేతర సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ప్రథమ చికిత్సలో, ప్రమాద సూచనలు గుర్తించడంలో శిక్షణ ఇవ్వాలి. సహాయపు ఫోను నంబర్లు హాస్టళ్ళల్లో, తరగతి గదుల్లో అందరికీ కనపడేలా రాయాలి. అంటే నేను ఇంతసేపు చెబుతున్నది ఎవరి దయాధర్మమో కాదు, జరిగి తీరవలసిన పని.

మన కాలేజీలో

కోర్టు సిబ్బంది గురించి చెప్పింది. కాని హాస్టల్లో రాత్రి రెండు గంటలకు మేలుకుని వుండేది లెక్చరర్లు కారు, మనం. వంటమనిషికీ వాచ్‌మన్‌కూ తెలిసే సంగతులు ప్రిన్సిపాల్ గారికి తెలియవు. ఎవరు భోజనానికి రావడం లేదో మెస్సువాళ్ళకు తెలుసు, ఎవరు అర్ధరాత్రి మేడమీద ఒంటరిగా తిరుగుతున్నారో వాచ్‌మన్‌కు తెలుసు. కాబట్టి విద్యార్థి సంఘానికి నాలుగు సూచనలు సవినయంగా మనవి చేస్తున్నాను.

హాస్టల్లో ప్రతి అంతస్తునుంచి ఇద్దరిని, ప్రతి తరగతినుంచి ఇద్దరిని ఎంచుకుని, అర్హులైన మానసిక వైద్య నిపుణులచేత శిక్షణ ఇప్పించాలి. మెస్సు, వాచ్‌మన్, ఆఫీసు, లైబ్రరీ సిబ్బందిని కూడా అదే గదిలో మన పక్కనే కూర్చోబెట్టాలి. ప్రతి ఏడూ ఆఖరు సంవత్సరం వాళ్ళు వెళ్ళిపోతారు కాబట్టి ప్రతి ఏడూ మళ్ళీ జరపాలి.

14416 అన్న అంకెను నోటీసు బోర్డుమీద కాగితంగా కాక, మెస్సు గోడమీద పెయింటుతో పెద్దగా రాయించాలి. ఫలితాలు వచ్చే వారంలో శిక్షణ పొందినవాళ్ళు ప్రతి గదీ ఒకసారి తిరగాలి.

పూర్వ విద్యార్థులలో వైద్యులైనవారు, మనస్తత్వశాస్త్రం చదివినవారు తప్పకుండా వుంటారు. నెలకొక సాయంత్రం మన కోసం కేటాయించమని వారిని ప్రార్థిస్తున్నాను. ముందు చెప్పిన పెద్ద దిక్కు వారే కాగలరు.

చివరిది, జాతీయ సేవా పథకం కింద మనం ఏటా పల్లెలకు వెళతాం. రోడ్లు వూడుస్తాం, మొక్కలు నాటుతాం. ఈ ఏడు ఒక నాటకం తయారుచేసుకుని వెళదాం. ఇంటింటా మందు డబ్బాలు ఎక్కడ పెడుతున్నారో చూసి, తాళం వున్న పెట్టె ఎందుకు అవసరమో చెబుదాం. మా వూరితోనే మొదలుపెడతామంటే బస, భోజనం మా ఇంట్లోనే. మా నాన్నతో ఇప్పటికే మాట్లాడాను. "పది మందికి పనికొచ్చేదైతే తీసుకురారా" అన్నాడు.